రామభద్రపురం దగ్గరి ఆయిల్‌పామ్ నర్సరీ మొక్కలు: కాయ కోసి చూసిన తరువాత నా అభిప్రాయం

విజయనగరం జిల్లాలో రామభద్రపురం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు నర్సరీ నుంచి మా చేనుకు ఆయిల్‌పామ్ మొక్కలు తెచ్చుకున్నాము. ఇప్పుడు ఆ చెట్లు నికరంగా గెలలు వేస్తున్నాయి కనుక, ఆ నర్సరీని గురించి, అంతకంటె ముఖ్యంగా అక్కడి మొక్కల జాతి నిజాయితీని గురించి రాయడానికి ఇదే తగిన సమయమని అనుకుంటున్నాను. మొక్కలు లారీ దిగిన రోజునే ఆకులు పచ్చగా ఉన్నాయని, వేళ్లు బాగున్నాయని మెచ్చుకుంటూ రాసేవారు చాలామంది ఉన్నారు. వరినారుకైతే ఆ పద్ధతి సరిపోవచ్చు గాని ఆయిల్‌పామ్‌కు సరిపోదు. ఈ పంటలో రైతు డబ్బు పెట్టి కొనేది ఆకును కాదు, మూడు నాలుగేళ్ల తరువాత కాయబోయే పండులో టెంక ఎంత పలుచగా ఉంటుందన్న హామీని. ఆ హామీ నిలిచిందా లేదా అన్నది కాయను కోస్తే గాని తెలియదు.

కాబట్టి ముందు కాయను గురించే చెప్పాలి. ఈ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా ఖండపు పడమటి తీరంలోని తేమ అడవులు, గినీ సింధుశాఖ చుట్టుపట్ల ప్రాంతం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎలియిస్ గినీన్సిస్. గెలలో ముళ్ల కొసలున్న రెమ్మల మధ్య కాయలు ఒకదానినొకటి నొక్కుకుంటూ వందలుగా, పెద్ద చెట్టయితే వేయికి పైగా ఉంటాయి. బయటి వరుసలో బాగా పండి, తేలికగా ఊడి వచ్చే కాయను ఒకదానిని తీసుకుని నడిమికి అడ్డంగా కత్తి ఆనించి చుట్టూ తిప్పితే, మొదట పలుచని నున్నటి పైతోలు తెగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఆ తోలు కొసవైపు నల్లగా, ఊదారంగు కలిసినట్లుగా ఉండి, పండేకొద్దీ ఎర్రటి నారింజరంగుకు తిరుగుతుంది. తోలు కింద నారింజరంగు గుజ్జు ఉంటుంది. అది పీచుతో నిండి ఉంటుంది, వేళ్లకు అంటిందంటే సబ్బుతో రుద్దినా పసుపు మరక ఒక పట్టాన వదలదు. మనం వంటకు కొనే పామాయిల్ అంతా ఈ గుజ్జులోనిదే. ఆ రంగు కెరోటిన్‌ది. శుద్ధిచేసినప్పుడు రంగు పోతుంది కనుక దుకాణంలో చూసే నూనె లేత పసుపుగా కనిపిస్తుంది.

కత్తి ఆగిపోయే చోట టెంక మొదలవుతుంది. నల్లగా, రాయివలె గట్టిగా ఉండే ఈ పొరను పగలగొట్టడానికి బరువైన కత్తి గాని సుత్తి గాని కావలసిందే. టెంక లోపల గోధుమరంగు పలుచటి తోలు చుట్టుకున్న తెల్లటి పప్పు, ఆ పప్పులో ఒక మూలన రమారమి మూడు మిల్లీమీటర్ల పొడవుండే బీజాంకురం ఉంటాయి. టెంక ఒక కొసన మూడు కన్నులు కనిపిస్తాయి. సాధారణంగా ఒకే పప్పు ఎదుగుతుంది కనుక ఒక కన్ను వెనకనే అంకురం ఉంటుంది, మొలక ఆ కన్నులో నుంచే బయటికి వస్తుంది. కొబ్బరికాయ కన్నులు చూసిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. మొలకెత్తిన కొబ్బరికాయ పగలగొడితే లోపల దొరికే తియ్యటి పువ్వు వంటి భాగమే ఇక్కడ చిన్నదిగా పెరిగి పప్పును కరిగించి పీల్చుకుంటూ మొదటి కొన్ని నెలలు మొక్కకు తిండి పెడుతుంది. ఇక ఈ కాయలో నాకు నిజంగా ఆశ్చర్యంగా తోచేది నూనెల సంగతి. టెంక బయట ఉన్న గుజ్జు నూనెలో పామిటిక్ ఆమ్లం దాదాపు 44 శాతం ఉంటే, టెంక లోపలి పప్పు నూనె కొబ్బరినూనెకు దగ్గరగా ఉండి, అందులో సగానికి కొంచెం తక్కువగా లారిక్ ఆమ్లం ఉంటుంది. ఒకే కాయలో ఒక గోడకు అటూ ఇటూ రెండు వేర్వేరు నూనెలు తయారవుతున్నాయన్న మాట.

ఆ గోడ మందాన్ని బట్టే చెట్లలో మూడు రకాలు ఏర్పడ్డాయి. డ్యూరా రకంలో టెంక రెండు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల వరకు మందంగా ఉండి, గుజ్జు కాయ బరువులో సాధారణంగా సగం దగ్గరే ఆగిపోతుంది. పిసిఫెరా రకంలో టెంక అసలు ఉండదు. అయితే ఆ చెట్టు ఆడపూల గెలలు చాలావరకు కాయలు నిలవక కుళ్లి రాలిపోతాయి కనుక తోటకు పనికిరాదు. ఈ రెండింటి సంకరం టెనెరా. దాని టెంక అర మిల్లీమీటరు నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉండి, గుజ్జు కాయ బరువులో 60 శాతానికి పైనే, మంచి చెట్లలో 80, 90 శాతం కూడా ఉంటుంది. టెనెరా అన్నది వేరే జాతి కాదని, డ్యూరా పిసిఫెరాల కలయిక మాత్రమేనని 1941లో బెల్జియన్ కాంగోలో పనిచేసిన బీర్నార్ట్, వాండర్‌వేయెన్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. డ్యూరా తోటతో పోలిస్తే టెనెరా తోటలో అదే విస్తీర్ణానికి సుమారు 30 శాతం అధికంగా నూనె వస్తుందని లెక్క. ఈ తేడాకు ఒకే ఒక జన్యువు కారణమని, అది టెంక గట్టిపడడాన్ని నడిపిస్తుందని 2013లో మలేసియా పరిశోధకులు కనుగొన్నారు.

నర్సరీ దగ్గరికి వస్తే, నేను అక్కడ మొదట గమనించినది అడిగినదానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఉండడం. మేము వెళ్లిన రోజున మెంటాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ప్రాథమిక నారుమడిలోని చిన్న మొక్కను సంచీతో సహా పైకెత్తి, మొదలు దగ్గర ఇంకా అంటుకుని ఉన్న పాత టెంకను మట్టి తుడిచి చూసి, "ఏటి బాబూ, టెంక ఇంత మందంగా ఉందేటి? పల్చటి టెంక రకమని గదా చెప్పారు" అని గట్టిగానే అడిగాడు. సూపర్‌వైజరు కోపగించుకోలేదు. "అది తల్లి చెట్టు టెంకండి. మీ చెట్టు టెంక మీ చెట్టు కాసినప్పుడే చూస్తారు" అని, ఆ తరువాత కూర్చోబెట్టి విడమరచి చెప్పాడు. ఈ ఒక్క సంగతి తెలియక మన ప్రాంతంలో ఎందరో తప్పు మొక్కలు కొంటున్నారు కనుక దీనిని కొంచెం వివరంగా రాస్తాను.

టెంక విత్తనంలో భాగమని మనం అనుకుంటాము గాని, వృక్షశాస్త్రం ప్రకారం అది కాయ గోడలోని లోపలి పొర. కాయ గోడ తల్లి పువ్వు అండాశయం నుంచి వచ్చినది, అందులో తండ్రి పుప్పొడికి ఏ పాత్రా లేదు. తండ్రి ప్రభావం టెంక లోపలి పప్పులోనూ, అందులోని అంకురంలోనూ మాత్రమే ఉంటుంది. సంకర విత్తనం తయారుచేసే క్షేత్రంలో డ్యూరా చెట్టును తల్లిగా, పిసిఫెరా చెట్టును తండ్రిగా పెడతారు. కాబట్టి అసలైన టెనెరా విత్తనానికి టెంక ఎప్పుడూ డ్యూరా టెంకవలె మందంగానే ఉంటుంది. పలుచటి టెంక ఉన్న విత్తనం ఎవరైనా చూపించి ఇదే మేలు రకమని అమ్మజూపితే, అది ఎవరిదో టెనెరా తోటలో చెట్టు కింద రాలిన కాయ అన్నమాట. టెనెరా తోటలో గాలికి, పురుగులకు పరపరాగం జరిగి ఏర్పడిన విత్తనాలు వేస్తే, వచ్చే మొక్కలలో నాలుగో వంతు డ్యూరా, నాలుగో వంతు పిసిఫెరా, సగం మాత్రమే టెనెరా అవుతాయి. చూడడానికి మంచిగా కనిపించే విత్తనమే నష్టం తెస్తుంది, మొరటుగా కనిపించేదే నిఖార్సైనది. మామిడి టెంక, తాటి టెంక చూసి కాయ రుచిని అంచనా కట్టే అలవాటున్న మనకు ఇది మింగుడు పడడం కష్టమే.

ఈ మాట నర్సరీవారు ముందే, అడగకుండానే చెబితే ఇంకా బాగుండేది. ఒక బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసి పెట్టినా చాలు. దానికి బదులు గేటు దగ్గర ఉన్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో దిగుబడి అంకెలు, నవ్వుతున్న రైతు బొమ్మ ఉన్నాయి.

కాగితాల విషయంలో వారికి మంచి మార్కులే వేస్తాను. మొలకెత్తిన విత్తనాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిపే పత్రం, అవి ఏ దఫా విత్తనాలో తెలిపే లాట్ నంబరు, దిగుమతి విత్తనమైతే దానికి సంబంధించిన కాగితం అడిగిన వెంటనే చూపించారు. మాకు ఇచ్చినవి కోస్టారికా నుంచి వచ్చిన లాట్‌లోనివి. ఇటువంటి విత్తనాలలో చాలావాటి తల్లి చెట్ల వంశం, 1848లో జావాలోని బోగోర్ ఉద్యానంలో నాటిన నాలుగంటే నాలుగు మొక్కల దాకా వెళ్తుందన్న సంగతి తెలిసినవారికి, ఒక లాట్ నంబరు ఎంత దూరపు చరిత్రను మోస్తుందో అర్థమవుతుంది. ఆ నాలుగు మొక్కల సంతతిలో టెంక మందంగానే ఉన్నా కాయ పెద్దది, గుజ్జు మిగతా డ్యూరాల కంటె ఎక్కువ. అందుకే వాటిని తల్లులుగా ఎంచుకున్నారు.

మొక్కల పెంపకం మొత్తం మీద బాగుంది. మాకు అందినవి ఏడాది వయసువి, మీటరుకు పైగా ఎత్తు, పన్నెండుకు తగ్గని ఆకులు, కింద మొదలు లావుగా ఉన్నవి. గడ్డివలె సన్నని ఆకులు వేసినవి, ఆకు చీలకుండా ముద్దగా మిగిలినవి, మరీ నిటారుగా సాగినవి వేరే మూల పోగు పెట్టి ఉండడం కళ్లారా చూశాను. ఏరివేత జరుగుతున్న నర్సరీకి అదే గుర్తు, అటువంటి పోగు కనిపించని నర్సరీలో ఆ మొక్కలన్నీ మనకే అంటగడుతున్నారని అనుకోవాలి. సంచీల నాణ్యత మాత్రం సంతృప్తిగా లేదు. దించేటప్పుడు కొన్ని సంచీలు అడుగున చిరిగి మట్టిగడ్డ విడిపోయింది, ఆ మొక్కలు నిలదొక్కుకోవడానికి మిగతావాటికంటె ఎక్కువ కాలం పట్టింది.

ఇక అసలు పరీక్ష. నాటిన తరువాత మొదట్లో వచ్చే పూగుత్తులను తీసివేస్తూ వచ్చి, ఆ పైన గెలలను నిలవనిచ్చాము. చెట్టు చెట్టుకూ పండిన గెల నుంచి కాయలు తీసి కోశాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టెంక మందాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పరాదు, ఎందుకంటే పలుచటి డ్యూరా టెంక, మందపాటి టెనెరా టెంక రెండూ రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర కలిసిపోతాయి. నమ్మదగిన గుర్తు వేరే ఉంది. టెనెరా కాయను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో చూస్తే, టెంకను ఆనుకుని గుజ్జులో నల్లటి పీచు చుక్కలు ఒక వలయంగా కనిపిస్తాయి. డ్యూరాలో ఆ వలయం ఉండదు, గుజ్జు నేరుగా టెంకకు తగిలి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే చాలు, భూతద్దం కూడా అక్కరలేదు.

మరో మూడు విషయాలలో కొత్తవారు పొరపడే అవకాశం ఉంది. గెల లోపలి వరుసలలోని కాయలు నొక్కుకుపోయి చదునుగా, పాలిపోయి ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోరాదు. పరాగం సరిగా అందని గెలలలో పప్పు లేని చిన్న కాయలు వస్తాయి. వాటిలో టెంక కనిపించలేదని చెట్టు పిసిఫెరా అని కంగారు పడనక్కరలేదు, అదే గెలలోని పెద్ద కాయ కోస్తే నిజం తేలుతుంది. చెట్టు మొదటి గెలలు చిన్నవి, కాయలు కూడా చిన్నవి కనుక గుజ్జు శాతాన్ని ఆ దశలో కొలిచి నర్సరీని తిట్టడం న్యాయం కాదు. వలయం మాత్రం మొదటి గెలలోనైనా కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో చూస్తే మా తోటలో చెట్లు దాదాపుగా అన్నీ టెనెరాలే. వలయం స్పష్టంగా ఉంది, టెంక పలుచగా, గోటితో గీస్తే గుజ్జు మందంగా తగులుతుంది. కొద్ది చెట్లు మాత్రం నిస్సందేహంగా డ్యూరాలు. విత్తన క్షేత్రంలో డ్యూరా తల్లి పూగుత్తికి సంచీ కట్టడంలో ఏ చిన్న లోపం జరిగినా బయటి డ్యూరా పుప్పొడి లోపలికి చొరబడి ఇటువంటి చెట్లు పుడతాయి కనుక, కొద్దిపాటి కల్తీని నేను తప్పు పట్టను. తప్పు పట్టవలసినది ఆ సంగతి చెప్పినప్పుడు నర్సరీవారు ప్రవర్తించిన తీరును. మొక్కలు అమ్మేటప్పుడు అంత ఓపికగా మాట్లాడినవారు, డ్యూరా చెట్లను గురించి ఫోన్ చేసినప్పుడు లాట్ చీటీ తెమ్మన్నారు, తీసుకువెళ్లి చూపించాక పై అధికారికి చెప్పాలన్నారు, ఆ తరువాత మళ్లీ మళ్లీ అడిగితే గాని బదులు మొక్కలు ఇస్తామని ఒప్పుకోలేదు. డబ్బు ఇచ్చినప్పుడు చీటీ జాగ్రత్త చేసుకోండని ఒక్కమాట చెప్పి ఉంటే చాలామంది రైతులకు ఉపకారం జరిగేది, ఎందుకంటే ఆ చీటీని అందరూ దాచుకోరు.

ఈ నర్సరీ విలువ నాకు పూర్తిగా తెలిసినది మా చేను పక్కనే ఉన్న మా తోడల్లుడి వరుసలను చూశాకనే. ఆయన తక్కువ ధరకు వస్తున్నాయని ఒక మధ్యవర్తి దగ్గర మొక్కలు తీసుకున్నాడు, కాగితం లేదు, లాట్ నంబరు లేదు. ఎక్కడిదో తోటలో చెట్ల కింద మొలిచిన నారును సంచీలలోకి ఎత్తి పెంచిన సరుకని ఇప్పుడు కాయలే సాక్ష్యం చెబుతున్నాయి. ఒకే వరుసలో నడిచి కాయలు కోసుకుంటూ పోతే, ఒక చెట్టులో టెంక మందపాటి నల్లటి పట్టీగా కనిపించింది, పక్క చెట్టులో వలయంతో పలుచటి టెంక ఉంది, ఆ పక్కది ఆకులు విరగబారి పెరిగి, గుత్తులు వేస్తూ, గెల ముదరకముందే కుళ్లిపోయి రాలుస్తోంది. ఆ మూడో చెట్టు బలంగా ఉండడం చూసి ఆయన ఇన్నాళ్లూ దానికే ఎక్కువ ఎరువు వేశాడు. కాయలకు పోవలసిన బలం ఆకులకు, కాండానికి పోతుంది గనుక ఇటువంటి పిసిఫెరాలు తోటలో అందరికంటె ఏపుగా కనిపిస్తాయి.

ఫ్యాక్టరీ వారు గెలను తూకం మీద కొంటారు గాని లోపలి టెంకను కోసి చూడరు కదా, మనకేమి నష్టమని ఎవరైనా అడగవచ్చు. గెల ధర నిర్ణయించేటప్పుడు నూనె ఎంత శాతం దిగిందన్నది లెక్కలోకి వస్తుంది. డ్యూరా గెలలు పెరిగినకొద్దీ ఫ్యాక్టరీకి టెంక, అంటే బాయిలరులో కాల్చే వంటచెరకు, ఎక్కువగా మిగులుతుంది, నూనె తక్కువగా దిగుతుంది. ఆ తగ్గుదల రైతులందరి ధర మీద పడుతుంది, మంచి మొక్కలు వేసుకున్నవారితో సహా.

ధర విషయం. 2021లో కేంద్రం ప్రకటించిన వంటనూనెల జాతీయ పథకం కింద మొక్కలకు హెక్టారుకు ఇచ్చే సాయాన్ని 12,000 రూపాయల నుంచి 29,000 రూపాయలకు పెంచారు. త్రికోణ పద్ధతిలో తొమ్మిది మీటర్ల ఎడం పెడితే హెక్టారుకు 143 చెట్లు పడతాయి కనుక, ఆ సాయం అందుతున్నప్పుడు కాగితం లేని చవక మొక్కకు ఆశపడడంలో అర్థం లేదు. ఈ నర్సరీ ధర చుట్టుపక్కలవాటికంటె తక్కువేమీ కాదు, అయినా ఎక్కువని కూడా అనను. ఆకు ముక్కతో టెంక రకాన్ని నారు దశలోనే తేల్చే జన్యు పరీక్ష బయట దేశాలలో వచ్చి ఏళ్లవుతోంది. ఈ నర్సరీలో అటువంటి సదుపాయం లేదు. పెద్ద మొత్తంలో కొనేవారికైనా నమూనా పరీక్ష చేయించి ఇచ్చే ఏర్పాటు పెడితే, అందుకు మొక్కకు కొంత ఎక్కువ ఇవ్వడానికి నేను సిద్ధమే.

మళ్లీ మొక్కలు కావలసివస్తే ఇక్కడికే వెళ్తాను. వెళ్లేవారు లోడింగ్ దగ్గర తమ మనిషిని నిలబెట్టి చిరిగిన సంచీలను అక్కడికక్కడే పక్కకు తీయించాలి, రెండు లాట్‌ల మొక్కలు ఒకే లారీలో వస్తే ఏ లాట్ ఏ వరుసలో నాటారో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి, లాట్ చీటీని భూమి కాగితాలతో పాటు దాచుకోవాలి. మా డ్యూరా చెట్లకు బదులు మొక్కలు ఈ తొలకరికి ఇస్తామన్నారు. అవి వచ్చేదాకా పాత చెట్లను కొట్టవద్దని సూపర్‌వైజరే సలహా ఇచ్చాడు, ఆ మాట నాకూ సబబుగానే తోచింది, గెలలైతే ఎలాగూ తూకానికి వెళ్తున్నాయి.